కావలివాని మాట ఇంటివారికి తెలియవద్దా?

మదురై నుంచి తిరుచిరాపల్లికి పోయే పెద్దదారిలో, మదురై దాటిన కొద్దిసేపటికే మేలూరు వస్తుంది. పెరియారు కాలువ నీరు పారే పొలాల నడుమనున్న తాలూకా కేంద్రమది. విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత మదురై నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చి మదురై, కోయంబత్తూరు సీమలలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో నేటికీ మన భాష వినబడుతున్నది. బడిలో తమిళం, ఇంగ్లీషు, అంగడిలో తమిళం, పొయ్యి దగ్గర, పెండ్లిపందిట్లో తెలుగు. 2011 జనగణనలో తెలుగు తమ మాతృభాష అని తమిళనాడులో నమోదు చేయించుకొన్నవారు 42 లక్షల పైచిలుకు. వారిలో తెలుగు చక్కగా మాట్లాడుతూ, అక్షరం మాత్రం చదవలేనివారు ఎందరో ఉన్నారన్నది ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేని బాధ.

ఆ మేలూరులో మా బంధువుల ఇంట ఒక కంప్యూటరు ఉన్నది. పిల్లవాని చదువు కోసం కొన్నారు. తరువాత ఆ ఇంటి ఇల్లాలు, నాకు వరుసకు చెల్లెలు, తన తల్లి పాడిన పెండ్లిపాటలను ఫోనులో పట్టి ఆ కంప్యూటరులో దాచిపెట్టింది. ఆ పాటలు వచ్చినవారు ఆ వీధిలో ఇక ఇద్దరో ముగ్గురో మిగిలారు. నేను పోయిన నాటికి ఆ యంత్రం తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతున్నది. చూస్తే, అందులో రెండు యాంటీవైరస్‌లు, స్పైవేరును పట్టుకొంటానని చెప్పుకొనే మరొక ప్రోగ్రాము, మూడూ ఏకకాలంలో నడుస్తున్నాయి. నిమిషానికొక హెచ్చరిక పైకి లేస్తున్నది. ఇవన్నీ ఏమిటమ్మా అని అడిగాను. “అదేమో అడగతాది అన్నా, ఇంగిలీసులో. మేము సరే అని నొక్కతాము” అన్నది.

ఆ ఒక్కమాట నా మనసులో నిలిచిపోయింది. ఇంటికి కావలి పెట్టుకొన్నాము; కావలివాడు ఏదో అరుస్తున్నాడు; ఏమని అరుస్తున్నాడో ఇంటివారికి తెలియదు; తెలియకనే అన్నింటికీ సరే అంటున్నారు. ఇది సాంకేతిక నిపుణులకు వదిలివేయదగిన విషయమని కొందరు అనవచ్చు. అందులో భాషా హక్కుల ప్రశ్న కూడ ఉన్నదని నా అభిప్రాయం. అయితే హక్కును గురించి మాట్లాడడానికి ముందు, ఆ పెట్టెలో జరుగుతున్నదేమిటో తెలుగులో చెప్పుకోవలసి ఉన్నది.

వైరసు వేరు, వేగు వేరు

వైరసు అనేది తనను తాను ఇతర ఫైళ్లలోనికి ఎక్కించుకొని, ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకే ప్రోగ్రాము. దాని వెంట నష్టం కనబడుతుంది. ఫైళ్లు చెడిపోతాయి, యంత్రం నిలిచిపోతుంది. స్పైవేరు స్వభావం వేరు. మన పాత రాజనీతిలో వేగు అనే మాట ఉన్నది. శత్రువు కోటలో మారువేషంతో కాపురముండి, అక్కడి సంగతులను తన రాజుకు చేరవేసేవాడు వేగు. స్పైవేరు అచ్చంగా వేగు. అది ఏ ఫైలునూ చెడగొట్టనక్కరలేదు. మనం నొక్కే అక్షరాలను, తెరిచే పుటలను, బ్యాంకు ఖాతాకు వాడే రహస్యపదాన్ని గమనించి బయటికి పంపుతుంది. తన ఉనికి తెలియకుండా ఉండడమే దాని పని.

ఈ రెండింటికీ రెండు వేర్వేరు మందులు ఎందుకు పుట్టాయో తెలిస్తే, నేటి తికమక సగం తీరుతుంది. 2000 ప్రాంతంలో యాంటీవైరస్ తయారుచేసేవారు వైరసులను, వర్ములను పట్టడం మీదనే దృష్టి నిలిపారు. వేగు ప్రోగ్రాములలో చాలామటుకు ఏదో ఒక ఉచిత ప్రోగ్రాముతో కలిసి వచ్చేవి. పొడుగాటి ఒప్పందపత్రంలో ఎక్కడో ఒక మూల ఆ సంగతి వ్రాసి ఉండేది. వాడుకరి సరే అని నొక్కేవాడు. యజమాని అనుమతితో లోపలికి వచ్చినదానిని దొంగ అనవచ్చునా అని యాంటీవైరస్ సంస్థలు వెనుకాడాయి. ఆ ఖాళీని పూరించడానికి 1999లో యాడ్-అవేర్, 2000లో స్పైబాట్ సెర్చ్ అండ్ డిస్ట్రాయ్ వంటి ప్రత్యేక సాధనాలు వచ్చాయి. కాబట్టి ఇంటి కంప్యూటరులో ఒక యాంటీవైరస్, దానికి తోడు ఒక యాంటీ స్పైవేర్ ఉండవలెనన్న సలహా ఆనాటికి సరైనదే.

కాలం మారింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2004 డిసెంబరులో జయంట్ అనే చిన్న సంస్థను కొని, దాని సాధనాన్ని సవరించి 2006లో విండోస్ డిఫెండర్ అనే పేరుతో విడుదల చేసింది. అప్పట్లో అది వేగులను మాత్రమే వెదికేది. 2012లో వచ్చిన విండోస్ 8తో ఆ డిఫెండరే పూర్తి యాంటీవైరస్ అయింది. తక్కిన సంస్థలూ అదే దారి పట్టాయి. నేడు పేరున్న ఏ యాంటీవైరస్ అయినా వైరసునూ వేగునూ రెండింటినీ వెదుకుతుంది. పేరు పాతదే, పని రెండింతలయింది. ఆనాటి సలహాను మాత్రం మనవారు ఈనాటికీ వదలలేదు. ఒకటి ఉంటే మంచిది, రెండుంటే మరీ మంచిది, మూడుంటే దిగులే లేదు అనుకొంటున్నారు.

రెండు కావళ్లు ఎందుకు కూడవు

పాండ్యసీమవారికి ఈ చిక్కు కొత్తది కాదు. పాళెగాళ్ల నాళ్లలో ఊరికి స్థలకావలి, సీమకు దేశకావలి అని రెండు విధాల కావళ్లు ఉండేవి. కావలి అనే మాట తెలుగుకూ తమిళానికీ ఉమ్మడి ఆస్తి. ఊరి కావలికి ఊరివారు రుసుము చెల్లించేవారు; దేశకావలి పేరుతో పాళెగాళ్లు మరొక రుసుము వసూలు చేసేవారు. రెండు కావళ్ల ఖర్చూ చివరకు రైతు మీదనే పడేది.

కంప్యూటరులోనూ అంతే. యాంటీవైరస్ అనేది యంత్రంలో ఒక కీలకమైన వాకిట కూర్చుంటుంది. ఏ ఫైలు తెరవబోయినా, ముందు దాని చేతిలోనుంచి పోవలసినదే. అదే వాకిట ఇద్దరిని కూర్చోబెట్టితే ప్రతి ఫైలునూ ఇద్దరూ వెదుకుతారు. అంతటితో ఆగదు. ఒకడు అనుమానించి పక్కకు లాగిన ఫైలును రెండవవాడూ పట్టుకొని లాగుతాడు. పైగా యాంటీవైరస్ చేసే పని ఎట్టిది? అందరి ఫైళ్లలోనికీ తొంగిచూడడం, ఇతర ప్రోగ్రాముల కదలికలను అడ్డగించడం. దొంగ ప్రోగ్రామూ ఇట్టి పనులే చేస్తుంది గనుక, ఒక కావలివాని కంటికి రెండవ కావలివాడే దొంగవలె కనబడవచ్చును. ఫలితం మేలూరులో నేను చూసినదే. యంత్రం మందగించడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, లేని దొంగను గురించి పదేపదే కేకలు.

అసలు హాని ఆ తరువాత జరుగుతుంది. కేకలకు విసిగిన ఇంటివారు మొదట హెచ్చరికలను చదవడం మానుతారు. పిదప అన్నింటినీ ఆపివేస్తారు. మూడు కావళ్లున్న ఇల్లు చివరకు ఒక్క కావలీ లేని ఇల్లుగా మిగులుతుంది.

మరి యాంటీ స్పైవేర్ వద్దా? తప్పక ఉండవచ్చు; అయితే వాకిట కూర్చొనేదిగా కాక, పిలిచినప్పుడు వచ్చి పోయే తనిఖీదారుగా ఉండాలి. ఇట్టి సాధనాలు నిరంతరం నడవవు. మనం నడిపినప్పుడు యంత్రమంతా వెదికి, దొరికినది చూపి, పని ముగించుకొంటాయి. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత ప్రతి ఆ కోవలోనిది. మొదట్లో కొన్నాళ్లు పూర్తి కావలి కాసే పరీక్షాకాలం ముగిసిన తరువాత, అడిగినప్పుడు మాత్రమే వెదుకుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సేఫ్టీ స్కానర్ దించుకొన్న పది రోజులవరకే పనిచేస్తుంది. మరల కావలసివస్తే కొత్త ప్రతి దించుకోవాలి. మన కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడ ఉచిత సాధనాలను అందిస్తున్నది. అప్పుడు విడుదలైన వాటిలో, పెన్‌డ్రైవుల ద్వారా జరిగే హానిని అడ్డుకొనే యు.ఎస్.బి. ప్రతిరోధ్ వంటివాటిని రూపొందించినది హైదరాబాదులోని సీ-డాక్.

కాబట్టి రెండూ కలిపి వాడవచ్చునా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: వాకిట ఒక్క కావలి, నెలకొకసారి ఒక తనిఖీదారు. విండోస్‌తో వచ్చిన డిఫెండరు చాలునన్నవారు దానినే ఉంచుకోవచ్చు. వేరొకటి కొని పెట్టుకొంటే, డిఫెండరు సాధారణంగా తానే వెనుకకు తగ్గి దానికి చోటిస్తుంది. బయటివి రెండు తెచ్చి పెట్టినప్పుడే పోరు మొదలవుతుంది. కొత్త కంప్యూటరుతో వచ్చి, గడువు తీరిపోయిన పరీక్షాప్రతి ఏదైనా ఉంటే, దానిని పూర్తిగా తొలగించాలి. కొత్త దొంగల ఆనవాళ్లు అందని కావలి నిద్రపోయిన కావలితో సమానం.

ఇంకొక మెలకువ ఉన్నది. యంత్రాన్ని శుభ్రం చేస్తానని చెప్పి వచ్చేవాటిలో దొంగలూ ఉన్నారు. “మీ కంప్యూటరులో ఇన్ని వైరసులున్నవి, వెంటనే ఇక్కడ నొక్కండి” అని తెరపై లేచే కిటికీలను మనలో చూడనివారుండరు. 2008 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టి నకిలీ సాధనాలను అమ్మినవారిపై వ్యాజ్యం వేసింది. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ వంటి పేర్లతో పది లక్షలమందికి పైగా కొనుగోలుదారులు మోసపోయారని ఆ సంస్థ పేర్కొన్నది. లేని రోగాన్ని ఉన్నదని చెప్పి మందు అమ్మడమే ఆ వ్యాపారం. ఇంగ్లీషు చదవగలిగినవారే అంతమంది మోసపోయినప్పుడు, చదవలేని మన ఇంటి పెద్దల మాట చెప్పవలెనా?

తెలుగు కోసం పోయి తెచ్చుకొన్న దొంగ

మేలూరు ఇంటికి మరల వస్తాను. ఆ యంత్రంలోనికి చెడు ఎట్లు వచ్చిందో వెదకగా తేలినది వింటే పాఠకులకు నావలెనే మనసు కలుక్కుమంటుంది. పిల్లవాడు అవ్వ పాడిన పాటల మాటలను తెలుగులో టైపు చేయబూనాడు. బడిలో తెలుగు లేకున్నా, తల్లి ప్రోద్బలంతో అక్షరాలు నేర్చుకొన్నాడు. కంప్యూటరులో తెలుగు వ్రాసే ఉచిత సాధనం కోసం వెదికి, ఊరూ పేరూ లేని ఒక చోటినుంచి దించుకొన్నాడు. తెలుగుతోపాటు వేగూ వచ్చింది. దానికి విరుగుడుగా ఒకటి, అది చాలక మరొకటి తెచ్చి పెట్టాడు. ఇంగ్లీషులో ఆటలు ఆడుకొనే పిల్లవానికి రాని ఆపద, తెలుగు వ్రాయబోయిన పిల్లవానికి వచ్చింది.

ఇందులో తప్పు ఆ పిల్లవానిది కాదు. తెలుగు వ్రాయడానికి బయటినుంచి దేనినీ తెచ్చుకోనక్కరలేదని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రపంచ లిపులన్నింటికీ సంకేతాలు కేటాయించిన యూనికోడ్ ప్రమాణంలో 1991 నాటి తొలి రూపంలోనే తెలుగు ఉన్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే అక్షరరూపంతో తెలుగును చూపగలిగింది. 2019 మేలో విండోస్ 10కు వచ్చిన సవరణతో, ఇంగ్లీషు మీటలతో ఉచ్చారణను బట్టి తెలుగు వ్రాసే కీబోర్డు కూడ అందులోనే చేరింది. సెట్టింగులలో భాషల పట్టికకు పోయి తెలుగును చేర్చుకొంటే చాలును. దించుకొనే పని, దొంగల భయం లేదు. గూగుల్ సంస్థ ఒకప్పుడు విండోస్ కోసం ఇచ్చిన తెలుగు టైపు సాధనాన్ని తానే నిలిపివేసింది. అయినా దాని పేరుతో ప్రతులు నేటికీ ఎక్కడెక్కడో దొరుకుతున్నాయి. వాటిలో ఏది అసలో, దేనిలో ఏమి కలిపారో చెప్పగలిగినవారు లేరు. వాటి జోలికి పోవద్దని నా మనవి.

టైపు సాధనాన్ని గురించి ఇంత నొక్కి చెప్పడానికి కారణమున్నది. కీబోర్డు అంటే మన ప్రతి అక్షరమూ దాటిపోయే గడప. చేతిఫోనులో కొత్త కీబోర్డు పెట్టుకొనేటప్పుడు, మీరు వ్రాసేదంతా, రహస్యపదాలతో సహా, ఇది సేకరించవచ్చునని ఆండ్రాయిడ్ తానే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను చదివి అర్థం చేసుకొని ఒప్పుకొంటున్నవారు మన ఇండ్లలో ఎందరు?

సమ్మతి ఏ భాషలో?

ఇక్కడికి వచ్చేసరికి ఇది హక్కుల ప్రశ్న అవుతున్నది. సరే అనడం చిన్న పని కాదు. భూమి కాగితాలపై వేలిముద్ర వేయించుకొనేటప్పుడు, వ్రాసినదంతా చదివి వినిపించాలన్న న్యాయం మన పెద్దలకు తెలుసు. కంప్యూటరు తెరపై నొక్కే సరేలకు ఆ న్యాయం ఎందుకు వర్తించరాదు?

సరిహద్దు జిల్లాల ఇంటిలో భాషల పరిస్థితి ఒకసారి చూడండి. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం ఒకటవ తరగతి మొదలుకొని తమిళం క్రమక్రమంగా తప్పనిసరి పాఠ్యాంశమయింది. తమిళం నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం ఏనాడూ లేదు. అది మనం బ్రతుకుతున్న నేల భాష. తెలుగు చదువుకొనే చోటు కుదించుకుపోవడమే మన బాధ. దాని ఫలితంగా అవ్వకు తెలుగు మాట మాత్రమే వచ్చు, తల్లికి తమిళ అక్షరం వచ్చు, పిల్లవానికి ఇంగ్లీషు కొంత వచ్చు. యంత్రం మాట్లాడేది ఇంగ్లీషు. ఒకే ఇంటిలోని ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ ఒప్పందాన్ని పూర్తిగా అర్థం చేసుకొనే స్థితిలో లేరు. అయినా సమ్మతి ఇచ్చినట్లే లెక్క. వేగు ప్రోగ్రాములు మొదటినుంచీ ఇట్టి సమ్మతి చాటుననే పెరిగాయి.

దీనికి చట్టంలో ఒక ఆధారం దొరికింది. దానిని మన ఉద్యమం గట్టిగా పట్టుకోవలసి ఉన్నది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఒక వ్యక్తి సమాచారాన్ని తీసుకొనడానికి అనుమతి అడిగేవారు, ఆ అభ్యర్థనను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. గమనించండి, ఈ హక్కు రాష్ట్ర సరిహద్దును బట్టి మారదు. మేలూరులోని తెలుగువాడైనా, బళ్లారిలోని తెలుగువాడైనా, రాయగడలోని తెలుగువాడైనా తెలుగులో అడగండని చెప్పవచ్చును. ఏ రాష్ట్రపు అధికారభాషతోనూ దీనికి పోటీ లేదు. ఈ చట్టపు నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు; సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన నియమాల అమలుకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు మనం కూడ సిద్ధపడడానికి దొరికిన సమయమని భావించాలి.

దొంగ చట్టం చదివి రాడు కదా, ఈ చట్టం వేగును ఆపుతుందా అని అడిగేవారుంటారు. నిజమే, ఆపదు. కాని నీతిగా వ్యాపారం చేసేవారందరూ తెలుగులో అడగడం మొదలుపెట్టిననాడు, తెలుగులో అడగనిదానిని అనుమానించే అలవాటు మన ఇండ్లలో పుడుతుంది. ఆ అలవాటు ఏ యాంటీవైరస్ కన్నా తక్కువ కాదు. కాబట్టి 1991లో చెన్నైలో మొదలైన కె7 కంప్యూటింగ్ కానీ, పుణేలో పుట్టిన క్విక్ హీల్ కానీ, విదేశీ సంస్థలు కానీ, అందరినీ మనం ఒకటే అడగాలి: మీ సాధనాన్ని డబ్బిచ్చి కొంటున్న తెలుగువారికి, కనీసం ఆపద హెచ్చరికలను, అనుమతి ప్రశ్నలను తెలుగులో చూపండి. మెనూలన్నీ తరువాత చూసుకోవచ్చు. ఇల్లు కాలుతున్నదన్న కేక ముందు మా భాషలో వినిపించాలి.

మనవైపు లోపం

ఈ కోరికలో మన తప్పు కూడ ఒప్పుకోవాలి. తెలుగు వికీపీడియా 2003లో మొదలయింది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులోనికి తేవడానికి శ్రమపడింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తెలుగులో దొరుకుతున్నది. ఇవన్నీ స్వచ్ఛంద సేవకుల చలవ. వారికి మనం రుణపడి ఉన్నాము. అయినా అనువాదాలలో వాడే మాటలను చూసినప్పుడు, సరిహద్దు ఇండ్లు ఎవరి లెక్కలోనూ లేవనిపిస్తుంది. నాలుగు సంస్కృత పదాలను అతికించి చేసిన హెచ్చరిక మేలూరు చెల్లెలికి ఇంగ్లీషంత దూరమే. ఆమెకు కావలి తెలుసు, వేగు అంటే ఒక్కసారి చెప్పితే తెలుసు, చెర తెలుసు, తాళం తెలుసు. “ఈ ఫైలులో వేగు ఉన్నది, చెరలో పెట్టాము, తీసివేయమంటారా?” అని తెరపై కనబడితే, కూడబలుక్కొని చదివినా ఆమెకు అర్థమవుతుంది. చదువరాని అవ్వకు చదివి వినిపించినా అర్థమవుతుంది. సరిహద్దు తెలుగులో మన పాత మాటలు ఎన్నో చెక్కుచెదరక ఉన్నాయి. అనువదించేవారు హొసూరు వైపు, మదురై వైపు, కోయంబత్తూరు వైపు ఒకసారి చెవి పెట్టాలి.

పిల్లలకు ఇంగ్లీషు వస్తున్నది గదా, ఇంక ఈ గొడవ ఎందుకని మనలోనే కొందరి వాదం. పిల్లలకు ఇంగ్లీషు రావడం మంచిదే. కాని యంత్రం పిల్లలది మాత్రమే కాదు. బ్యాంకు ఖాతా తల్లిది, పింఛను అవ్వది, పాటలు అందరివి. ఇంటి తాళపుచెవి పదునాలుగేండ్ల పిల్లవాని చేతిలో మాత్రమే ఉండడం అతనికీ భారమే.

ఇంట్లో చేయదగినవి

సంస్థలు మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోలేము. ఒక యాంటీవైరస్ ఉంచి తక్కినవి తొలగించండి. నెలకొకసారి తనిఖీ సాధనం నడపండి. విండోస్ అడిగే సవరణలను వాయిదా వేయకండి. 2017 మే 12న వాన్నాక్రై అనే బెడద లోకాన్ని చుట్టుముట్టి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగినప్పుడు, దానికి తగిన సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ఇచ్చి ఉన్నది. ఆ సవరణ చేర్చుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కుకొన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని కూడ ఆనాడు దెబ్బతిన్నాయి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. పాత విండోస్ మీద ఎన్ని కావళ్లు పెట్టినా, గోడకు కన్నం ఉండగా వాకిట మనిషిని నిలబెట్టినట్లే.

మన పాటలను, వంశావళులను, పెద్దల ఉత్తరాలను మరొకచోట కూడ దాచండి. యంత్రానికి ఎల్లవేళలా తగిలించి ఉంచని ఒక డిస్కులో ప్రతి తీసిపెట్టండి. తగిలించి ఉంటే యంత్రానికి వచ్చిన తెగులు దానికీ పాకుతుంది. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చేయక జాతీయ సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. ఫిర్యాదు వ్రాయవలసివస్తే తెలుగులో వ్రాయడానికి సంకోచించనక్కరలేదు. కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చుకొనే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం మనకు ఇచ్చింది.

వీటన్నింటికన్నా ముఖ్యమైనది, ఖర్చు లేనిది, ఇంకొకటి ఉన్నది. తెరపై ఏ ప్రశ్న లేచినా, చదవగలిగినవారు దానిని పైకి చదివి, అది అడుగుతున్నదేమిటో ఇంట్లో అందరికీ తెలుగులో చెప్పాలి. చెప్పిన తరువాతనే నొక్కాలి. చెప్పలేకపోతే నొక్కరాదు. ఇందులో రెండు లాభాలు. అర్థం కాని దానికి ఒప్పుకోవడం ఆగుతుంది. ఇంగ్లీషు మాటను తెలుగులో చెప్పడానికి పిల్లవాడు తడుముకొని, వెదికి, అవ్వను అడిగి ఒక మాట పట్టుకొంటాడు. ఆ పూట ఆ ఇంటిలో తెలుగు ఒక కొత్త పని చేసినట్లవుతుంది. భాష పెండ్లిపాటలలో మాత్రమే మిగిలితే, ఆ పాటలతోనే పోతుంది. కొత్త పనులు చేసినంతకాలం బ్రతుకుతుంది.

మేలూరు ఇంటిలో ఆనాడు రెండు ప్రోగ్రాములను తీసివేసి, ఒకదానిని ఉంచి, తనిఖీ నడిపాము. దొరికిన వేగును తొలగించాము. బ్యాంకు రహస్యపదాలను వేరొక యంత్రంలో మార్చాము. పాటలు పోలేదు. అదృష్టం వలన పోలేదు. అదృష్టాన్ని నమ్ముకొని భాషను కాపాడుకోలేము. వచ్చేటప్పుడు ఆ పిల్లవానికి ఒక్కమాట చెప్పి వచ్చాను. దానినే ఈ పత్రిక చదివే ప్రతి ఇంటికీ మనవి చేస్తున్నాను: తెలుగులో చెప్పుకోలేనిదానికి సరే అనవద్దు.